లిఫ్టు ముందు తొందర, పోతన పాదంలో శ్రమ

మల్లేశ్వరం నుంచి:
బెంగళూరులోని మా అపార్టుమెంటు సంఘం వారు లిఫ్టు మరమ్మతు గురించి ఇంగ్లీషు, కన్నడం, తెలుగు మూడింటిలోనూ నోటీసు అంటించారు. ఇంగ్లీషులో ‘ట్రబుల్’ అని ఉన్నచోట కన్నడంలో ‘తొందరె’ అని సక్రమంగానే ఉంది గాని, తెలుగుకు వచ్చేసరికి అది ‘మీకు కలిగిన తొందరకు క్షమించండి’ అయింది. కదలని లిఫ్టు ముందు నిలబడి ఎవరి తొందరను ఎవరు క్షమించాలా అని నవ్వుకున్నాను. దిద్దే పని నాకే అప్పగించారు. ‘శ్రమ’ అని వేద్దామనుకోగానే నాన్నగారు చదివే పోతన గజేంద్రమోక్షంలోని ‘లావొక్కింతయు’ పద్యం నోటికి వచ్చి, రెండో పాదం చివర ఆగిపోయింది. ‘తనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్’ అనా, ‘శ్రమంబయ్యెడున్’ అనా? నాన్నగారు డిన్ అనేవారని నా జ్ఞాపకం. మా అక్కయ్య మాత్రం డున్ అని పట్టుబడుతోంది.

రాజాజీనగర్ నుంచి:
మీ అక్కయ్యగారిదే సరైన పాఠం. ‘వచ్చెడి వాడు’ అన్నట్లు ‘ఎడి’ మరో మాటకు విశేషణంగా నిలుస్తుంది, వాక్యం ముగించవలసిన చోట ‘ఎడు’ నప్పుతుంది. మాకు బడిలో డున్ అనే వల్లె వేయించారు.

బసవనగుడి నుంచి:
అయ్యా, ‘వచ్చెడు వాడు’ అని కూడా అంటాం కదా! అప్పుడు మీ ‘ఎడు’ మాత్రం విశేషణం కాదా? ఛందస్సును సాక్ష్యానికి పిలిచినా లాభం లేదు. శార్దూల పాదంలో అది 19వ అక్షరం. డిన్ అన్నా డున్ అన్నా గురువే. ఠావుల్ లోని ఠాకు డస్సెన్ లోని డతో పడిన యతికి రెండు పాఠాల వల్లా భంగం లేదు. నన్నడిగితే తేలవలసింది ఆ అక్షరం కాదు, కాలం. లావు లేదు, ధైర్యం విలోలమయింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, తనువు డస్సింది అని అన్నీ అయిపోయినవిగా చెప్పుకుంటూ వచ్చిన ఏనుగు ఒక్క శ్రమ దగ్గర మాత్రం ‘అవుతున్నది’ అంటోంది. డస్సిన తరువాత మళ్లీ అలసటే చెబితే పునరుక్తి అవుతుంది కనుక, ఆ శ్రమ అలసట కాదని, ఇంకా తెమలని బాధ అని నా అభిప్రాయం. మీ నోటీసుకు పనికివచ్చే అర్థం అదే.

హోసూరు రోడ్డు నుంచి:
పద్యం మీరు తేల్చుకోండి, నాకు ఆ నోటీసు రాసినవారి మీద జాలిగా ఉంది. మాది కర్ణాటక సరిహద్దున, తమిళనాడులోని హోసూరు. మా ఇళ్లలో తరతరాలుగా తెలుగే గాని, ‘ఏం తొందర లేదు’ అంటే అది త్వరపడనక్కర లేదనో, ఇబ్బంది లేదనో ఎదుటివారి ముఖం చూసి గ్రహించాలి. కన్నడంలో తొందరె, తమిళంలో తొందరవు రెండూ ఇబ్బందే. తొందరను హడావుడికి కట్టేసుకున్నది మన తెలుగే. ‘అవసరం’ సంగతి ఇంకా చిత్రం. సంస్కృతంలో అది సమయం, సందర్భం. మనకు అక్కర అయింది, కన్నడిగులకు, తమిళులకు తొందర అయింది. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో ఆటో అతనితో ‘అవసరం లేదు, తొందర లేదు’ అన్నాను. అతను ‘నిదానంగా పొమ్మంటున్నాడు, ఇబ్బందేమీ లేదంటున్నాడు’ అని తన భాషలో అర్థం చేసుకుని, నన్ను ఎక్కించుకుని నిదానంగా బయలుదేరాడు.

బసవనగుడి నుంచి:
‘ట్రబుల్’ అన్న ఆ ఇంగ్లీషు మాట పుట్టుక కూడా చూడండి. ఫ్రెంచి మీదుగా వచ్చినా దాని వేరు లాటిన్‌లో ‘టర్బిడస్’, అంటే కలకబారినది, మడ్డి తేలినది. మనకు నీళ్లు కలగితే కలక, మనసు కలగితే కలత, కన్ను ఎర్రబడితే కళ్లకలక. ఈ పోలిక చూశాక ట్రబుల్‌కు ‘కలత’ను మించిన తెలుగు మాట నాకు కనబడలేదు. ఉత్తర ఐర్లండులో 1998 ఒప్పందం దాకా మూడు దశాబ్దాలు సాగిన రక్తపాతాన్ని అక్కడివారు ‘ట్రబుల్స్’ అనే అంటారు. దాన్ని ‘ఇబ్బందులు’ అంటే తేలిపోతుంది, ‘కలతలు’ అంటే నిలబడుతుంది.

యలహంక నుంచి:
నిలబడుతుంది సరే, స్టమక్ ట్రబుల్‌ను కడుపు కలత అంటారా? బండి ట్రబుల్ ఇస్తోందనడానికి ఏమంటారు? మా వరంగల్లులో వీటన్నిటికీ ‘గొడవ’ సరిపోతుంది. కాళోజీ తన కవిత్వానికి ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నప్పుడు అది జగడమూ కాదు, రొదా కాదు, మనిషిని పట్టి వదలని ఆరాటం. ఆ గొడవకు ఇంగ్లీషులో మాట వెతికి చూడండి. అన్నట్టు, పోతనదీ మా బమ్మెరే. పోతనది ఒంటిమిట్ట అనే పక్షం వారు ఇప్పుడు వాదానికి లేవకుందురు గాక!

హోసూరు రోడ్డు నుంచి:
లేవము. మళ్లీ మా తొందరకే వస్తాను. ‘లావొక్కింతయు’లో ఏనుగుది కన్నడ తొందర, ‘సిరికిం జెప్పడు’లో విష్ణువుది తెలుగు తొందర. లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు చేతికి తీసుకోకుండా, గరుడవాహనమైనా సిద్ధం చేయించకుండా బయలుదేరినవాడిది మరేమిటి? ఒకరి తొందర రెండోవారికి తొందరగా అందింది. రెండు పద్యాల్లోనూ ఆ మాట లేదు గాని, రెండు అర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి.

బసవనగుడి నుంచి:
అందంగా ఉంది గాని, ఒప్పుకోలేను. పోతన అక్కడ ‘గజప్రాణావనోత్సాహియై’ అన్నాడు. ఉత్సాహం వేరు, తొందర వేరు. ఆ స్వామికి మీరు హడావుడిని అంటగడుతున్నారు.

హోసూరు రోడ్డు నుంచి:
విసురుగా వెళుతూ లక్ష్మి చేలాంచలం (పైటచెంగు) తన చేతిలోనే ఉండిపోయిందని గమనించనివాడికి నేను కొత్తగా అంటగట్టేదేముంది?

మల్లేశ్వరం నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. చివరికి ‘మీకు శ్రమ కలిగిస్తున్నందుకు మన్నించండి’ అని దిద్ది ఇచ్చాను. ‘మన్నింపందగున్ దీనునిన్’ అన్న మూడో పాదం కూడా చెవిలో మోగుతూ ఉండడం వల్ల ‘క్షమించండి’ని కూడా మార్చేశాను. ‘కలిగిస్తున్నందుకు’ అనడం బసవనగుడివారి కాలవిచారణ చలవే, ఎందుకంటే లిఫ్టు ఇంకా బాగుపడలేదు.

రాజాజీనగర్ నుంచి:
సంతోషం. అయితే డున్ అని ఒప్పుకున్నట్లేనా?

మల్లేశ్వరం నుంచి:
లేదండీ. మా నాన్నగారు డిన్ అనే చదివేవారు.