కార్మికుల పార్టీయే నిరుద్యోగ భృతి ఎందుకు తగ్గించింది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఎం.ఏ. సెమినార్‌కి కార్మికుల పార్టీగా పేరున్న జర్మనీ సోషల్ డెమోక్రటిక్ పార్టీ గురించి రాస్తూ ఒకచోట ఇరుక్కుపోయాను. 2003లో ఆ పార్టీకే చెందిన అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) ష్రోడర్ 'అజెండా 2010' అనే సంస్కరణల ప్రణాళిక ప్రకటించాడు, అందులో భాగంగా నిరుద్యోగ భృతిని మార్చిన హార్ట్జ్ 4 చట్టం 2005 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఉద్యోగం పోయినవాళ్లకి మొదటి భృతి గడువు అయిపోయాక కూడా పాత జీతాన్ని బట్టి సాయం అందేది, దాన్ని తీసేసి పేదలకిచ్చే సాయంతో కలిపి ఒకే మొత్తం చేశారు, పశ్చిమ జర్మనీలో ఒంటరి మనిషికి నెలకి 345 యూరోలు, అద్దె వేరే. పైగా దాచుకున్న డబ్బు ఎంతుందో కూడా చూసేవారు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో కష్టపడినవాడూ అసలు పని చేయనివాడూ చివరికి ఒకే లైన్లో! కోపం రాదా మరి?

ఇంతవరకు అర్థమైంది. 2005 మొదట్లో 50 లక్షలు దాటిన నిరుద్యోగుల సంఖ్య తర్వాత బాగా తగ్గింది కదా, అది హార్ట్జ్ వల్లేనని కొందరు, యూనియన్లు జీతాల దగ్గర సర్దుకుపోవడం వల్ల, ఎగుమతులు పెరగడం వల్ల అని ఇంకొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

ఇంకో డౌట్. 1998 ఎన్నికల్లో 40.9 శాతం ఓట్లు వచ్చిన ఈ పార్టీకి 2009లో 23 శాతమే వచ్చాయి, 2007లో పుట్టిన లెఫ్ట్ పార్టీకేమో 11.9. మిగతావాళ్లు ఎటు పోయారు, ఓటే వేయలేదా? 2015లో గంటకి 8.50 యూరోల కనీస వేతనం తెచ్చినా 2017లో 20.5కే పడిపోయారు, నాకైతే ఇదే వింతగా ఉంది.

జర్మనీలో ఉంటున్నవాళ్లు, ముఖ్యంగా అక్కడి యూనియన్లలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, వచ్చే వారమే సబ్మిట్ చేయాలి.