ఈదురుగాలిలో తోకచక్రం విమానాన్ని నేల మీద అదుపు చేయడం: మీ అనుభవాలు చెప్పగలరు

శిక్షణార్థి, హైదరాబాద్:
మూడో చక్రం ముక్కు కింద ఉండే ముక్కుచక్రం విమానం మీద నలభై గంటలు పూర్తిచేసి, ఈ నెలలోనే ఆ చక్రం తోక కింద ఉండే తోకచక్రం విమానానికి మారాను. నిన్న మధ్యాహ్నం ట్యాక్సీ చేస్తుండగా, అంటే విమానాన్ని నేల మీద నడుపుతుండగా, మలుపు దగ్గర ముక్కు గాలివైపు తిరిగిపోయింది. తోకను పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్‌ను చివరిదాకా తొక్కినా ఆగకుండా, సగం చుట్టు తిరిగి గడ్డిలో నిలిచింది. నా పొరపాటు ఎక్కడుందో పెద్దలు చెప్పగలరా?

ఒకప్పటి పుష్పక్ (తోకచక్రం శిక్షణ విమానం) పైలట్:
ఈ విమానాల్లో గరిమనాభి (బరువు కేంద్రం) ముందున్న రెండు ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది కాబట్టి, తోక ఒకసారి పక్కకు జారిందంటే ఆ బరువే దాన్ని మరింత తిప్పుతుంది. అందుకే జారుడు మొదలైన క్షణంలోనే పాదం కదలాలి. మీరు పెడల్ చివరిదాకా తొక్కేసరికి ఆలస్యమై ఉంటుంది.

బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది గనుక, వానాకాలపు పడమటి గాలికి ఎదురుగా దిగడం మాకు సులువుగానే ఉండేది. రన్‌వే వదిలి పక్కకు తిరిగాక అదే గాలి అడ్డంగా తగిలేది, అసలు పరీక్ష అక్కడే. గాలి ముందు పక్క నుంచి వస్తుంటే చేతితో పట్టే అదుపు కర్రను, అంటే స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగి గాలి వచ్చే వైపుకు వంచండి. వెనుక పక్క నుంచి వస్తుంటే ముందుకు నెట్టి అవతలి వైపుకు వంచండి. మనిషి నడిచే వేగం మించకండి. వెనుకగాలిలో బ్రేకు గట్టిగా వేస్తే తోక లేచి ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది.

హ్యాంగర్ టెక్నీషియన్:
సార్ చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. తోక నేల మీద ఉన్నప్పుడు రెక్క గాలికి ఎత్తిన కోణంలోనే ఉంటుంది. తేలికపాటి తోకచక్రం విమానమైన పైపర్ కబ్‌ను గంటకు సుమారు 60 కిలోమీటర్ల గాలి లేపగలదు, మే నెలలో ఉరుముల ముందు వీచే గాలికి ఆ వేగం కష్టం కాదు. గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుతుంది.

ఒక సాయంత్రం, నిలిపిన విమానాన్ని నేలకు వదులుగా కట్టిన తాడు నా కళ్ల ముందే బిగుసుకుంది; ఎడమ చక్రం జానెడు ఎత్తు లేచి, మెల్లగా తిరుగుతూ కనబడింది. ఇద్దరం రెక్కను మోసే కడ్డీ అయిన స్ట్రట్‌కు వేలాడితే గానీ దిగలేదు. అప్పటినుంచి తాడుకు అంగుళానికి మించి వదులు ఇవ్వను. ముక్కు గాలికి ఎదురుగా ఉంచి, తోక మీది అడ్డ పలకను, అంటే ఎలివేటర్‌ను పైకి బిగించి కడతాను. గాలి ఎక్కువగా ఉన్న రోజు రెక్కకొకరు స్ట్రట్ పట్టుకొని నడవనిదే విమానాన్ని కదలనివ్వను.

శిక్షణార్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న గాలి వెనుక ఎడమ నుంచి వచ్చింది, నేను స్టిక్‌ను మలుపంతా వెనక్కే పట్టుకొని ఉన్నాను. రేపు బయలుదేరే ముందు గాలి దిశ చూపే గుడ్డగొట్టం, విండ్‌సాక్ చూసి, ప్రతి మలుపులో స్టిక్ ఎటు ఉండాలో మా శిక్షకుడికి పైకి చెప్పి మరీ కదులుతాను.