గాజులమండ్యం ఎఫ్‌ఆర్‌పీ యూనిట్: స్టైరీన్ డ్రమ్ములు మానేసి 10 వేల లీటర్ల ట్యాంకు పెట్టొచ్చా?

రేణిగుంట_స్టోర్స్:

అందరికీ నమస్కారం. రేణిగుంట దగ్గర గాజులమండ్యం పారిశ్రామికవాడలో మాది ఎఫ్‌ఆర్‌పీ (గాజుపీచు కలిపిన ప్లాస్టిక్) యూనిట్. వాటర్ ట్యాంకులు, బాత్‌రూమ్ తలుపులు, రూఫ్ షీట్లు చేస్తాం. నెలకు పాలియెస్టర్ రెజిన్ 20 టన్నులు, దాన్ని పలచన చెయ్యడానికి స్టైరీన్ అనే మండే ద్రవం 2 టన్నులు (180 కిలోల డ్రమ్ములు పదకొండు) పడుతుంది. ఎంఈకేపీ కేటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) 5 కిలోల క్యాన్లలో వస్తుంది. కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసేది), ఎసిటోన్ మామూలే.

ట్యాంకర్ లోడు తెప్పిస్తే రేటు కలిసొస్తుందని ఓనరు గారు 10 వేల లీటర్ల సెకండ్‌హ్యాండ్ మైల్డ్ స్టీల్ ట్యాంకు ఒకటి చూశారు. షెడ్డు వెనక కాంపౌండు గోడ పక్కన పెడదామంటున్నారు. గోడకు అవతల కూలీల క్వార్టర్లు, వాననీటి కాలువ. ఆ కాలువ వంకలో కలిసి స్వర్ణముఖికి పోతుంది.

అడగదలచుకున్నవి: ట్యాంకు పెట్టడం మంచిదేనా? మే నెల ఎండల్లో స్టైరీన్‌ను ఎలా కాపాడుకోవాలి? ఒలికినా, ఆవిరి లేచినా తట్టుకోవడానికి చేతిలో ఏమేం ఉండాలి?

మోనోమర్_మామ:

అన్నా, ముందు లెక్క చూడండి. 10 వేల లీటర్లంటే 9 టన్నులు. మీ వాడకానికి అది అయిపోవడానికి నాలుగున్నర నెలలు పడుతుంది. స్టైరీన్ అన్నాళ్లు బుద్ధిగా కూర్చునే సరుకు కాదు. దానంతట అదే కొద్దికొద్దిగా పాలిమర్‌గా మారుతుంటుంది, మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మార్పు ఇంకా జోరందుకుంటుంది. దీన్ని పట్టి ఆపేది అందులో 10–15 పీపీఎం (పది లక్షల్లో వంతులు) కలిపే టీబీసీ అనే నిరోధకం ఒక్కటే. గాలి బాగా కలిసి ఉన్న స్టైరీన్‌లో 12 పీపీఎం టీబీసీ ఉంటే 16 డిగ్రీల దగ్గర ఆరు నెలలు నిలుస్తుంది, 29 దగ్గర మూడు నెలలు. 43 దగ్గర ఎనిమిది నుంచి పన్నెండు రోజులే. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో 43 అంటే మన పక్క ఎవరూ ఆశ్చర్యపోరు. 65 దాటిందంటే మాత్రం ఇక మన చేతిలో ఉండదు.

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం ఎల్‌జీ పాలిమర్స్‌లో 2020 మే 7 తెల్లవారుజామున జరిగింది ఇదే. లాక్‌డౌన్‌లో సరుకు వాడకుండా ట్యాంకులో ఉండిపోయింది. థర్మామీటరు ట్యాంకు అడుగునే ఉంది కాబట్టి పైపొర కాగుతున్నా అడుగు చల్లగానే చూపించింది. కలపడానికి టీబీసీ నిల్వ లేదు. శీతలీకరణ రాత్రిళ్లు ఆపేసేవాళ్లు. 12 మంది పోయారు. అక్కడ పగిలిందంటూ ఏమీ లేదు. వెంట్ (ట్యాంకు పైన ఆవిరి పోయే దారి) నుంచే ఆవిరి బయటికొచ్చింది.

ఓనరు గారు పట్టుబడితే ట్యాంకుతో పాటు ఇవన్నీ కొనాలని చెప్పండి: 24 గంటలూ నడిచే చిల్లరు (చల్లబరిచే యంత్రం), దానికి జనరేటరు, సరుకును తిప్పే పంపు, పైన, మధ్యన, అడుగున మూడు థర్మామీటర్లు, ఎప్పుడూ చేతికందేలా టీబీసీ ద్రావణం, ట్యాంకు చుట్టూ, అది పట్టేదానికి 110 శాతం పట్టే కట్ట. వాల్వుల్లో, ఫిట్టింగుల్లో ఇత్తడి, రాగి ఉండకూడదు. స్టైరీన్ రాగిని కరిగించుకుని రంగు మారుతుంది, పాలిమర్ కట్టడమూ దెబ్బతింటుంది. వెంట్‌నీ ఫ్లేమ్ అరెస్టర్‌నీ (మంట లోపలికి పోకుండా ఆపే జల్లెడ) నెలనెలా విప్పి చూడాలి. ఆవిరిలో టీబీసీ ఉండదు కాబట్టి అది పైన చల్లబడ్డ చోటల్లా గట్టిపడి మర్రి ఊడల్లా వేలాడుతుంది, చివరికి వెంట్ మూసుకుపోతుంది. సెకండ్‌హ్యాండ్ ట్యాంకు అయితే లోపల తుప్పుంటుంది, అది ఇంకో తలనొప్పి. ఈ ఖర్చంతా కలిపితే రేటులో మిగిలేది కనబడదు.

నా మాట: డ్రమ్ముల్లోనే ఉండండి. లోడు నెలకు రెండు దఫాలుగా తెప్పించండి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రం మూడు దఫాలుగా, పది రోజుల వాడకానికి మించి నిల్వ వద్దు. వచ్చిన తేదీ డ్రమ్ము మీద సుద్దతో రాసి పాతది ముందు తీయండి. నాలుగు గోడల రేకుల గదిలో కాదు, పైన కప్పు మాత్రం ఉండి నాలుగు పక్కలా గాలి ఆడే చోట పెట్టండి. ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, నేల మీదే పరుచుకుంటుంది, కింద దారి లేకపోతే మడుగు కడుతుంది.

రోజూ పొద్దున ఎండ ఎక్కకముందే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ప్రతి డ్రమ్ము నడుమ భాగం చూడండి. రాత్రంతా చల్లబడ్డాక అన్నీ ఒకే వేడి మీద ఉండాలి. ఒక్కటి పక్కవాటికంటే 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే దాన్ని వేరు చేసి, నీళ్లతో తడుపుతూ, టీబీసీ కలిపి వెంటనే వాడెయ్యండి. అనుమానం ఉన్న డ్రమ్ము నుంచి కొంచెం తీసి మిథనాల్ పోస్తే తెల్లగా మసకబారిందా, పాలిమర్ మొదలైనట్టే. డ్రమ్ము మూత ఉబ్బి ఉంటే బిరడా ముట్టుకోవద్దు, అడుగూ మూతా ఉన్న వైపుల నిలబడొద్దు. దూరం నుంచి నీళ్లు కొడుతూ 101కి ఫోన్ చెయ్యాలి.

ప్రాసెస్_చిత్తూరు:

నాది వేరే అభిప్రాయం. డ్రమ్ము డ్రమ్ముకీ మూత తీసి పంపు దించడంలోనే ఎక్కువ ఒలుకుతుంది, ఆవిరీ ఎక్కువ. ట్యాంకు పెట్టి పైన నైట్రోజన్ కప్పేస్తే నిప్పు భయమే ఉండదు కదా.

మోనోమర్_మామ:

పంపు మార్చేటప్పుడు ఒలుకుతుందన్నది నిజం. దానికి మందు మూత బిగిసే డ్రమ్ము పంపు, కింద ట్రే. డ్రమ్మునూ పాత్రనూ కలిపే ఎర్తింగ్ వైరు కూడా మరవొద్దు. స్టైరీన్ పారేటప్పుడు స్టాటిక్ పుట్టిస్తుంది, దాని ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి) 31 డిగ్రీలే, మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి వేడి అంతకంటే పైనే ఉంటుంది.

నైట్రోజన్ మాత్రం ఒప్పుకోను సార్. టీబీసీ పనిచెయ్యాలంటే స్టైరీన్‌లో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. శుద్ధ నైట్రోజన్ దాన్ని లాగేస్తుంది. ఆక్సిజన్ 3 పీపీఎం కంటే తగ్గితే 43 డిగ్రీల దగ్గర ఒక్క రోజు కూడా నిలవదు. పెద్ద ప్లాంట్లలో నైట్రోజన్ వాడినా ఖాళీ భాగంలో 3 నుంచి 8 శాతం ఆక్సిజన్ ఉండేలా కొలిచి వదులుతారు. ఆ మీటరు, ఆ మనిషి ఈ యూనిట్‌లో ఎక్కడ?

లామినేషన్_షెడ్డు:

మీరిద్దరూ ట్యాంకు గొడవలో పడ్డారు కానీ ఎఫ్‌ఆర్‌పీ షెడ్డులో తరచుగా పొగ లేచేది బకెట్ల నుంచి. కేటలిస్ట్ కలిపిన రెజిన్ పది కిలోలు బకెట్‌లో మిగిలి, మనుషులు టీకి పోయారనుకోండి. పలచగా అచ్చు మీద పరిస్తే వేడి గాలికి పోతుంది, బకెట్‌లో ముద్దగా ఉంటే పోయే దారి లేక 150 దాటుతుంది, స్టైరీన్ పొగ కక్కుతుంది, పక్కన ఎసిటోన్ గుడ్డలుంటే అంటుకుంటుంది. కాబట్టి ఒక కలపకానికి 5 కిలోలకు మించొద్దు: 5 కిలోల రెజిన్‌కి 1.5 శాతం లెక్కన 75 గ్రాముల కేటలిస్ట్. ఎండాకాలం గట్టిపడే టైము తగ్గిపోతుందని కేటలిస్ట్‌ను 1 శాతం కిందికి దించితే సరుకు సరిగ్గా ఉడకదు. కలిపేది తగ్గించండి, కోబాల్ట్ తగ్గించమని రెజిన్ సప్లయర్‌ను అడగండి. బకెట్‌లో జావ కట్టడం కనబడగానే ఆరుబయటికి తీసుకెళ్లి పైన రెండు మూడు అంగుళాలు నీళ్లు పోసి వదిలెయ్యాలి. కలియబెట్టొద్దు, చెత్త డ్రమ్ములో పడేయొద్దు.

కేటలిస్ట్, కోబాల్ట్ ఒకదానితో ఒకటి నేరుగా తగలకూడదు, తగిలితే పేలుతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే కేటలిస్ట్. కోబాల్ట్ ఊదారంగు, కేటలిస్ట్‌కి రంగుండదు, అయినా కొలిచే కప్పు ఒకటే వాడేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. రెండు కప్పులు, రెండు గదులు పెట్టండి. కేటలిస్ట్ క్యాన్లను 25 డిగ్రీల లోపు, ఎండ సోకని చోట, వచ్చిన ప్లాస్టిక్ క్యాన్‌లోనే ఉంచాలి. ఇనుము, ఇత్తడి తగలనివ్వొద్దు, ఎసిటోన్‌తో పలచన చెయ్యొద్దు. ఒలికితే రంపపు పొట్టు, గుడ్డలు వెయ్యకండి, వాటికి నిప్పంటుకుంటుంది. నీళ్లతో తడిపిన పెర్లైట్ గానీ వర్మిక్యులైట్ గానీ (నిప్పంటని తేలికైన ఖనిజ పొడులు) చల్లి ఎత్తాలి. ఎత్తింది మళ్లీ క్యాన్‌లో పోయకూడదు. కంట్లో పడితే చూపు పోతుంది, కాబట్టి కళ్లు కడిగే కుళాయి కలిపే బల్ల పక్కనే ఉండాలి. కనీసం 15 నిమిషాలు కడిగి, తర్వాతే ఆస్పత్రి.

స్టైరీన్ డ్రమ్ముకు చిల్లు పడిందనుకోండి. ఆవిరి ఉన్నచోట స్విచ్ ముట్టుకోకుండా బయటి ప్యానెల్ దగ్గర కరెంటు తియ్యాలి, ఎందుకంటే స్విచ్ ఆపినా నిప్పురవ్వ వస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ స్టార్ట్ చెయ్యొద్దు. గాలి వచ్చే వైపు నుంచే దగ్గరికి పోవాలి. డ్రమ్మును చిల్లు పైకి వచ్చేలా దొర్లిస్తే సగం పని అయినట్టే. తర్వాత చుట్టూ పొడి ఇసుకతో గట్టు, ఫోమ్ ఉంటే పైన కప్పు. నీళ్లతో కడగొద్దు, స్టైరీన్ నీళ్లమీద తేలి మీ కాలువ దాకా పోతుంది. ఇసుకను ప్లాస్టిక్ చేటతో ఎత్తి డ్రమ్ములో వేసి, మూత వదులుగా పెట్టి ఆరుబయట ఉంచాలి, ఇసుకలోనూ అది వేడెక్కొచ్చు.

గ్యాస్ మీటరు కొంటే ఒకటి గమనించండి. గాలిలో స్టైరీన్ ఆవిరి అంటుకునే కనీస మోతాదు (ఎల్‌ఈఎల్) 0.9 శాతం, అంటే 9,000 పీపీఎం. మామూలు ఎల్‌ఈఎల్ మీటరు అందులో 20 శాతం దగ్గర కూస్తుంది, అంటే 1,800 పీపీఎం. మనిషికి ప్రాణాపాయం 700 పీపీఎం దగ్గరే. ఆ మీటరు షెడ్డును కాపాడుతుంది, మనిషిని కాదు. మనుషుల కోసం 10.6 ఈవీ దీపం ఉన్న పీఐడీ మీటరు (తక్కువ మోతాదు ఆవిరినీ కొలిచేది) కావాలి. ముక్కును నమ్మడానికి లేదు. 1 పీపీఎం కంటే తక్కువకే వాసన పట్టేస్తుంది, కాసేపటికి ఎంతున్నా పట్టడం మానేస్తుంది.

స్వర్ణముఖి_గట్టు:

లైసెన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. స్టైరీన్ పెట్రోలియం చట్టంలో క్లాస్ బి. లైసెన్సు లేకుండా మొత్తం 2,500 లీటర్ల దాకా, అదీ ఒక్కో పాత్ర 1,000 లీటర్లకు మించకుండా ఉంచుకోవచ్చు. పదకొండు డ్రమ్ములు 2,200 లీటర్లు, 10 వేల ట్యాంకు ఎటూ పనికిరాదు. ద్రవ హైడ్రోకార్బన్ ఉన్న, మండే మిశ్రమాలూ ఆ చట్టం కిందికే వస్తాయి కాబట్టి రెజిన్ నిల్వను కూడా కలిపి లెక్కేసి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) వాళ్లతో ఇప్పుడే మాట్లాడండి.

కూలీల క్వార్టర్లు గోడకు ఆనుకుని ఉన్నాయన్నారు. నాకు అన్నిటికంటే గుబులు పుట్టించింది అదే. గాలి లేని రాత్రి బరువైన ఆవిరి ఎటూ పోదు, నేల మీదే పాకుతుంది, జనం నిద్రలో ఉంటారు. డ్రమ్ముల చోటును గోడకు దూరంగా, షెడ్డుకు అవతలి వైపుకు మార్చండి. షెడ్డు మీదొకటి, గేటు దగ్గరొకటి గాలి దిశ చూపే గాలిసంచి కట్టండి, నైరుతి రుతుపవనాల్లో ఒక వైపు, అక్టోబరు తర్వాత ఇంకో వైపు వీస్తుంది. గాలికి అడ్డంగా నడిచి బయటపడాలని క్వార్టర్లలో ఆడవాళ్లకు కూడా చెప్పండి. సైరన్ ఉంటే చాలదు, రాత్రి వాచ్‌మన్ ఎవరినీ అడగకుండా మోగించే అధికారం ఉండాలి. విశాఖలో సైరన్ ఉండి కూడా మోగలేదు.

పీల్చింది ఏ రసాయనమో, ఎంత పీల్చారో తెలిస్తేనే తిరుపతి రుయాలో గానీ స్విమ్స్‌లో గానీ డాక్టర్లు త్వరగా పట్టుకుంటారు. సేఫ్టీ డేటా షీటు కాపీ గేటు దగ్గర ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి 108 వచ్చినప్పుడు చేతికివ్వండి. మింగినవాళ్లను కక్కించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ప్రమాదకర రసాయనాల 1989 రూల్స్ పరిధిలోకి వచ్చే యూనిట్లు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చెయ్యాలి, పెద్ద ప్రమాదమైతే 48 గంటల్లో అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. మీ నిల్వలు ఆ పరిమితికి లోపలే ఉన్నా డ్రిల్ మాత్రం చెయ్యండి, ఒకటి రాత్రి షిఫ్టులో.

రేణిగుంట_స్టోర్స్:

చాలా థాంక్స్ అన్నా. నాలుగున్నర నెలల లెక్క చూపించగానే ఓనరు గారు ట్యాంకు మాట ఆపేశారు. ఇంకో రెండు: స్టోర్స్‌లో నైట్రైల్ గ్లవ్స్ పెట్టెలకొద్దీ ఉన్నాయి, అవి చాలవా? మా వాననీటి కాలువ మూతికి వాల్వు లేదు, ఇసుక మూటలు సరిపోతాయా?

లామినేషన్_షెడ్డు:

పలచటి నైట్రైల్ మీద స్టైరీన్ పడితే కొన్ని నిమిషాల్లో దాటేస్తుంది. తుంపరకు పనికొస్తాయి, పడగానే మార్చాలి. ఒలికింది ఎత్తేవాళ్లకు వైటాన్ (స్టైరీన్ త్వరగా దాటలేని రబ్బరు) గ్లవ్స్ రెండు మూడు జతలు విడిగా పెట్టండి. పీవీఏ అనే ప్లాస్టిక్ గ్లవ్స్ కూడా స్టైరీన్‌ను ఆపుతుంది కానీ నీళ్లు తగిలితే కరిగిపోతుంది, మన షెడ్డుల్లో అది కుదరదు. గుడ్డ మాస్కు దండగ. ఆర్గానిక్ ఆవిరి కార్ట్రిడ్జ్ మాస్కు చిన్న ఒలుకుకే, 700 పీపీఎం దాటినచోటికి గాలి సిలిండరు లేకుండా పోకూడదు.

స్వర్ణముఖి_గట్టు:

మూటలు నీళ్లను నెమ్మది చేస్తాయి, స్టైరీన్‌ను ఆపవు. మూతికి స్లూయిస్ గేటు పెట్టించండి, మామూలుగా మూసే ఉంచండి. వాన పడ్డాక నీటి మీద నూనె మెరుపు, వాసన చూసి, ఏమీ లేకపోతేనే తెరిచి వదలాలి, తెరిచినవాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టాలి. గేటు ముందు గుంత కట్టి, అడుగు నుంచి నీళ్లు పోయేలా వంపు పైపు పెడితే తేలే స్టైరీన్ పైనే ఆగుతుంది. 2021 నవంబరు లాంటి వాన వస్తే గుంత నిండి గేటు మీదుగా పొర్లుతుంది కాబట్టి, అక్టోబరు రాకముందే డ్రమ్ముల అరుగును నేల నుంచి కనీసం రెండడుగులు ఎత్తు చేయించండి. ఖాళీ డ్రమ్ముల్ని గొలుసుతో కట్టెయ్యండి, వరదలో ముందు తేలిపోయేవి అవే, వాటిలో మిగిలిన ఆవిరి నిండు డ్రమ్ముకంటే త్వరగా అంటుకుంటుంది.