దేశం అప్పు ఎంతైతే ప్రమాదం?

ఒక డౌట్ అండి, చాన్నాళ్ళ నుంచి బుర్ర తొలిచేస్తోంది. జపాన్ ప్రభుత్వ అప్పు దాని జీడీపీకి (ఏడాదిలో దేశంలో తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువకి) 200 శాతం పైనే అంటారు, అయినా వాళ్ళకి తక్కువ వడ్డీకే ఏళ్ళ తరబడి అప్పు పుట్టింది. శ్రీలంక అంతకంటే చాలా తక్కువ అప్పుతోనే 2022 ఏప్రిల్‌లో విదేశీ బాకీలు కట్టలేం అని ఆపేసింది. మరి దేని బట్టి చూడాలి?

---

మొత్తం ఎంత అన్నది తర్వాతండి, ముందు ఏ కరెన్సీలో, ఎవరి దగ్గర తెచ్చారో చూడాలి. జపాన్ అప్పు యెన్‌లో ఉంది, ఎక్కువ భాగం సొంత బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, సెంట్రల్ బ్యాంక్ దగ్గరే. శ్రీలంక కట్టాల్సింది డాలర్లు, అవి సొంతంగా అచ్చేసుకోవడం కుదరదు కదా. పైగా 2019 చివర్లో పన్నులు బాగా తగ్గించేశారు, రాబడి పడిపోయింది, తర్వాత కోవిడ్‌తో టూరిజం పోయింది, కొత్త అప్పు ఇచ్చేవాళ్ళు లేరు, పాత బాండ్ల (అప్పు పత్రాల) గడువు మాత్రం వచ్చేసింది.

---

పై ఆయన చెప్పింది కరెక్టే, కానీ సొంత కరెన్సీ ఉంటే ఎంతైనా చేయొచ్చని మాత్రం అనుకోకండి, అచ్చేస్తూ పోతే ధరల రూపంలో జనమే కడతారు. నేనైతే వడ్డీకి, ఆర్థిక వ్యవస్థ పెరుగుదలకి తేడా చూస్తాను. అప్పు 100, జీడీపీ 100 అనుకోండి, వడ్డీ కాక మిగతా ఖర్చంతా రాబడితో సరిపోయిందనుకోండి. వడ్డీ 4 శాతం, పెరుగుదల 6 శాతం అయితే ఏడాదికి వడ్డీ కలిపి అప్పు 104, జీడీపీ 106 అవుతాయి, అంటే అప్పు జీడీపీలో 98 శాతానికి దిగుతుంది, ఏమీ తీర్చకుండానే! వడ్డీ 8, పెరుగుదల 3 అయితే దాదాపు 105కి ఎక్కేస్తుంది.

---

(అడిగినాయన్నే) ఓహ్ ఇది ఎవరూ ఇలా చెప్పలేదండి, థాంక్స్. మరి యూరప్‌లో లోటు (ప్రభుత్వం రాబడికి మించి పెట్టే ఖర్చు) జీడీపీలో 3 శాతం, అప్పు 60 శాతం దాటకూడదు అంటారే, అదీ ఇదే లెక్కా?

---

అవునండి, జీడీపీ ధరలతో కలిపి ఏటా 5 శాతం పెరిగితే 3 శాతం లోటుతో అప్పు సుమారు 60 దగ్గర నిలబడుతుంది. కానీ రూల్ ఉంటే చాలదు, లెక్కలు నిజం అయ్యుండాలి. గ్రీస్ చూడండి, 2009లో కొత్త ప్రభుత్వం వచ్చి అసలు లోటు చెప్పినదానికంటే చాలా ఎక్కువని బయటపెట్టింది, నమ్మకం పోయింది, వడ్డీలు ఆకాశానికెళ్ళాయి, 2012లో ఆ ప్రభుత్వ బాండ్లు కొన్న ప్రైవేటు వాళ్ళు ముఖ విలువలో (బాండ్ మీద రాసిన అసలులో) సగానికి పైగా వదులుకున్నారు, పెన్షన్లు కోశారు. అందుకే బడ్జెట్‌లో కనపడని గ్యారంటీలు, ప్రభుత్వ సంస్థల పేరు మీద తెచ్చే అప్పులు కూడా అడగండి, నాకు ఎక్కువ భయం వాటి గురించే.