ఆంగ్లంలో ఏ పదం పక్కన ఏ పదం నప్పుతుందో తెలుసుకునేది ఎలా?

పెద్దలకు నమస్కారం. తెలుగు మాధ్యమంలో చదువుకున్న నేను ఇప్పుడు రోజూ ఆంగ్లంలో ఉత్తరాలు రాయవలసిన ఉద్యోగంలో ఉన్నాను. వ్యాకరణం దగ్గర పెద్దగా తడబడను గానీ, పదాల జోడింపులో మాత్రం తరచుగా పొరబడుతున్నాను. జోరు వానను ‘హెవీ రెయిన్’ అనేవారు జోరు గాలిని ‘స్ట్రాంగ్ విండ్’ అంటారు. అదే ‘హెవీ’ ట్రాఫిక్‌కూ, విపరీతంగా పొగతాగే మనిషికీ సరిపోతుంది. టీ ‘స్ట్రాంగ్’గా ఉండవచ్చు గానీ, దాదాపు అదే అర్థమున్న ‘పవర్‌ఫుల్’ దాని పక్కన నిలవదు.

మన భాషలోనూ ఈ పట్టింపు లేకపోలేదు. కల కంటాం, దెబ్బ తింటాం, సిగరెట్టు తాగుతాం. కారణం అడిగితే నేనూ చెప్పలేను. బహుశా అందుకే నా తెలుగు జోడీలు తెలియకుండానే ఆంగ్లంలోకి జారుతున్నాయి. పరీక్ష ‘రాయడం’ అనే అలవాటుతో ‘రైట్ ఎన్ ఎగ్జామ్’ అని రాస్తే, బ్రిటన్‌లోని సహోద్యోగి ఒకరు తాము ‘సిట్’ లేదా ‘టేక్’ అంటామని సున్నితంగా సరిదిద్దారు.

సుమారు 10 కోట్ల పదాలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో (వాడుకలోని ఆంగ్ల రచనలు, సంభాషణల భాండాగారంలో) వెతికితే ఏ జంట ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తోంది గానీ, తక్కువసార్లు కనిపించినది తప్పో, కేవలం అరుదో నాకు తేలడం లేదు. ‘మిస్టేక్’కు ‘మేక్’, ‘క్రైమ్’కు ‘కమిట్’ అని గుర్తుపెట్టుకున్నాక, ‘ఎర్రర్’ ముందు రెండూ కనిపించి మళ్లీ అయోమయంలో పడ్డాను. ఈ తేడాను పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా? కొత్త నామవాచకాన్ని నేర్చుకునేటప్పుడే దానికి నప్పే క్రియనూ విశేషణాన్నీ కలిపి రాసుకోవడం మేలా, లేక విస్తారంగా చదవడంతోనే ఇది పట్టుబడుతుందా? అనుభవం ఉన్నవారు ఉదాహరణలతో వివరించగలరని మనవి.