గిల్గమేష్ ఆ మొక్కను అక్కడే ఎందుకు తినలేదు?

ప్రశ్న:
మెసొపొటేమియా ప్రాచీన కావ్యంలో, ప్రాణస్నేహితుడు ఎంకిడు పోయాక ఊరుక్ రాజు గిల్గమేష్‌కి చావు భయం పట్టుకుంటుంది. కల్లు అమ్మే సిదూరి "కడుపునిండా తిను, బిడ్డ చెయ్యి పట్టుకుని సుఖంగా ఉండు" అన్నా వినడు. తీరా సముద్రం అడుగున చావు తప్పిస్తుందనుకున్న మొక్క దొరికితే, అక్కడే తినకుండా ఊరుక్‌కి మోసుకెళ్ళడం ఎందుకు? పాము ఎత్తుకుపోయాక ఇంకోటి తెచ్చుకోవచ్చుగా?

జవాబు 1:
కారణం, ఈ కావ్యం రాసిన మట్టి ఫలకాల్లో 11వదానిలో అతని నోటే ఉందండి. ముందు ఊరుక్‌లో ఒక ముసలివాడికి పెట్టి గుణం చూస్తాడట, తర్వాత తాను తింటాడట. ఇక ఇంకోటి తెచ్చుకునే దారే లేదు. కాళ్ళకు బరువైన రాళ్ళు కట్టుకుని దిగాడు, ముళ్ళు గుచ్చుకుంటున్నా మొక్క పీకాడు, కట్లు కోసుకుంటే సముద్రమే ఒడ్డుకు విసిరింది. పనిముట్లు వదిలేశాడు. ఇప్పుడు పోటెక్కింది, దిగిన చోటికి గుర్తు లేదు. ఇదంతా చెప్పుకునే ఏడుస్తాడు. సంక్షిప్త కథల్లో ఈ ఏడుపు తీసేస్తారు, అందుకే మీకీ సందేహం.

జవాబు 2:
ఆ మొక్క ఇచ్చేది పోయిన పడుచుతనం, అమరత్వం కాదు. అమరత్వం దగ్గర అతను అప్పటికే ఓడిపోయాడు. ప్రళయం తర్వాత ఎన్లిల్ దేవుడు దాన్ని, అందులో బతికి బయటపడ్డ ఉత్నపిష్టిమ్‌కీ, అతని భార్యకీ ఇచ్చాడు. "నీకోసం దేవతల సభ ఎవరు కూడగడతారు? ఆరు పగళ్ళు, ఏడు రాత్రులు మేలుకో చూద్దాం" అన్నాడు ఉత్నపిష్టిమ్. గిల్గమేష్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. లేచాక బుకాయిస్తాడని, రోజుకో రొట్టె కాల్చి తల దగ్గర పెట్టి, గోడ మీద గీత గియ్యమని ఉత్నపిష్టిమ్ తన భార్యకు చెప్పాడు. మొదటిది ఎండిపోయింది, రెండోది తోలులా సాగింది, మూడోది చెమ్మగిల్లింది, నాలుగోది తెల్లబడింది, ఐదోదానికి బూజు, ఆరోది తాజాది, ఏడోది ఇంకా నిప్పుల మీదే ఉంది. సాక్ష్యం ఇంతకన్నా పకడ్బందీగా ఎవరు చూపగలరు! ఇంతదూరం వచ్చినవాడికి ఏమీ ఇవ్వకుండా పంపుతావా అని భార్య అడిగితేనే మొక్క రహస్యం బయటపెట్టాడు.

జవాబు 3:
ఆదిపర్వంలో గరుడుడి ఘట్టం కూడా పక్కన పెట్టుకుని చదవండి. దర్భల మీద అమృతం పెట్టి, స్నానం చేసొచ్చి తాగమంటాడు. పాములు అటు వెళ్ళగానే ఇంద్రుడు పట్టుకుపోతాడు, ఇవి దర్భలు నాకి నాలుకలు చీల్చుకుంటాయి. ఇక్కడ చల్లని మడుగులో స్నానానికి దిగింది గిల్గమేష్. వాసన పట్టి వచ్చిన పాము మొక్క తీసుకుని, వెళ్తూనే కుబుసం విడిచింది. స్నానం రెండుచోట్లా ఉంది, పాముల పాత్రే తలకిందులైంది.

ఇంకొకటి, మీరు చెప్పిన సిదూరి మాటలు పాత బాబిలోనియా ఫలకంలోవి. తర్వాతి కాలంలో కూర్చిన 12 ఫలకాల ప్రామాణిక పాఠంలో అవి లేవు, అందులో ఆమె దారి మాత్రమే చెబుతుంది. మీ పుస్తకంలో రెండూ కలిపేసి ఉంటారు.