సభ వెబ్‌సైట్‌లో నెల గళ్ళా, వరుస జాబితానా?

చిక్కడపల్లి సభ:
మాది చిన్న సంగీత సభ. నెలకు నాలుగైదు కచేరీలు. వెబ్‌సైట్‌లో గోడ క్యాలెండర్‌లా గళ్ళు పెట్టించాం. కమిటీలో సగం మంది అవి తీసేసి జాబితా పెట్టమంటున్నారు. మీరేమంటారు?

మియాపూర్ డెవలపర్:
తీసేయండి. ఫోన్ తెర వెడల్పు 360 పిక్సెళ్ళు అనుకుంటే, ఏడు రోజులకు పంచితే గడికి 51. 'వయొలిన్ కచేరీ' అన్నది 'వయొ..' దగ్గరే ఆగిపోతుంది. పైగా ముప్పై గళ్ళలో పాతిక ఖాళీ. చూసినవాళ్ళు సభ మూతపడిందేమో అనుకుంటారు.

నల్లకుంట శ్రోత:
నాకు డెబ్బై దాటాయి బాబూ. జాబితాలో 'శని 14' అని ఉంటే అది ఈ శనివారమో, పై శనివారమో వేళ్ళ మీద లెక్కేసుకోవాలి. గడిలో అయితే చూడగానే తెలుస్తుంది.

సికింద్రాబాద్ కార్యదర్శి:
అది తర్వాత కొట్టుకుందాం. అసలు తేదీలు ఎక్కడ రాస్తున్నారు? మా సంఘంలో సైట్‌లో ఒకరు, వాట్సాప్‌లో ఒకరు, బోర్డు మీద ఇంకొకరు రాసేవాళ్ళం. ఓసారి హాలు మారింది, సైట్‌లో మార్చడం మరిచాం. పదిమంది పెద్దవాళ్ళు ఆటోలు దిగి తాళం వేసిన గేటు ముందు నిలబడ్డారు. ఆ ఫోన్లు ఎత్తింది నేనే!

ఐక్యాలెండర్ పద్ధతిలో, అంటే క్యాలెండర్ యాప్‌లు చదవగలిగే ఫైలు రూపంలో, ఒకే చోట రాసుకోండి. గళ్ళూ, జాబితా రెండూ అందులోంచే వస్తాయి. టైమ్‌జోన్ 'ఆసియా/కోల్‌కతా' పెట్టడం మరవద్దు. సాయంత్రం ఆరు అని కొట్టి యూటీసీగా (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) వదిలేస్తే మన ఫోన్లలో రాత్రి 11.30 చూపిస్తుంది. ఇక ఆఖరి నిమిషం మార్పులకు వాట్సాపే గతి. మన క్యాలెండర్‌ను గూగుల్‌లో కలుపుకున్నవారికి మార్పు చేరడానికి గంటలు పట్టొచ్చు.

చిక్కడపల్లి సభ:
మరి త్యాగరాజ ఆరాధన? ఏటా వచ్చేదే కదా, ఒకసారి ఎక్కిస్తే చాలా?

సికింద్రాబాద్ కార్యదర్శి:
చాలదండీ. 'ప్రతి నెలా రెండో ఆదివారం' అంటే ఆ పద్ధతికి అర్థమవుతుంది, ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి అంటే కాదు. 2024లో జనవరి 30న వచ్చింది, 2025లో 18నే వచ్చేసింది. 'ఏటా' అని టిక్ పెట్టారంటే తప్పు తేదీ పాతుకుపోతుంది. పంచాంగం చూసి చేత్తో ఎక్కించాల్సిందే.

మియాపూర్ డెవలపర్:
ఇదంతా ఒప్పుకుంటాను. అయినా ఫోన్‌లో ముందు జాబితానే రావాలి. గళ్ళు కావాలంటే పైన బటన్ నొక్కుకుంటారు.

నల్లకుంట శ్రోత:
ఆ బటనైనా కాస్త పెద్దది పెట్టించు బాబూ.